సోలెడు నొప్పి

నర్సు పిల్ల నా మంచం పక్కన నిలబడి, "నొప్పి ఎంతుందమ్మా? సున్నా నుంచి పది లోపల ఒక అంకె చెప్పండి," అని అడిగింది. రేపు పొద్దున ఈ ఖమ్మం ఆసుపత్రిలోనే నా కుడి మోకాలు కోసి కొత్తది పెడతారు. ఎనిమిది అన్నాను. ఆ పిల్ల తలెత్తి నన్ను ఎగాదిగా చూసింది. "అంతుంటే ఇన్నాళ్ళూ ఎట్లా ఓర్చుకున్నారు?" అంది. నాకు ఒళ్ళు మండింది. అడిగిందీ నువ్వే, చెప్తే నమ్మనిదీ నువ్వే. అయినా గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆ అంకె నా నోటి వెంట రావడానికి ఎంత కష్టమైందో ఆ పిల్లకేం తెలుసు. మా ఇంట్లో నొప్పికి అంకెలు లేవు. కొలతలున్నాయి. ఆ కొలతలు మా అత్తవి.

మా అత్త పోయిన వానాకాలంలో చనిపోయింది. ఆమె రెండు మోకాళ్ళూ ఇక్కడే మార్చారు, రెండుసార్లూ మంచం పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నదాన్ని నేనే. ఇప్పుడు మంచం మీద నేనున్నాను. పీట ఖాళీగా ఉంది. భయానికి ఆమె తప్ప ఇంకెవరూ గుర్తుకు రావడం లేదు.

శబరి ఒడ్డున, రాష్ట్రం సరిహద్దు అవతలున్న కోంటలో మాది కిరాణా దుకాణం. అత్త ఆ ఇంటికి కోడలిగా వచ్చిందన్న మాటే గాని దుకాణంలో కూర్చున్నది తక్కువ. దుకాణం మామగారిది, సంత ఆమెది. వారం వారం ఎర్రబోరు సంతకు పోయి ఇప్పపువ్వు, ఇప్పగింజలు, చింతపండు కొని వేసుకొచ్చేది. సంతలో అడవి పల్లెల వాళ్ళ దొర్లి భాష మాట్లాడేది. జవాన్లతో హిందీ. దేవుడికి మొక్కుకునేటప్పుడు తెలుగు. తిట్టాలంటే మాత్రం హల్బీ, ఇంకో అడవి భాష, అది ఎక్కడ నేర్చిందో ఎవరికీ తెలీదు. నేను పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆమె నన్ను ఏమని తిడుతోందో అర్థం కాక నవ్వేదాన్ని, దాంతో ఇంకా తిట్టేది.

సంతలో ఆమె కూర్చునే తీరు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. గోనెసంచి నేల మీద పరిచి, చీర మోకాళ్ళ దాకా సర్దుకుని బాసింపట్టు వేసుకుని కూర్చునేది. ముందర ఇత్తడి పైలి. పైలి అంటే మా వైపు కొలపాత్ర, నాలుగు సోలలు పోస్తే నిండుతుంది. కొలిచే ముందు ప్రతిసారీ దాని లోపలికి ఉఫ్ అని ఊదేది. లోపల దుమ్ము ఉన్నా లేకపోయినా ఊదేది. చుట్టూ అడవి పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళు బుట్టలు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. అందరూ నేల మీదే, అందరి ముఖాలూ ఒకే ఎత్తులో.

మిగతా వ్యాపారులు కొందరు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకునేవాళ్ళు. అత్త ఆ కుర్చీలను చూసి మూతి తిప్పేది. "కుర్చీల కూసున్నోడు సర్కారోడో, ఠాణా వాడో అయి ఉంటడు. వాని ముందు బుట్ట మూత తీస్తరా ఎవరన్న?" అనేది. నిజమే, ఆడవాళ్ళు కుర్చీలను తప్పించుకుని ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. మా వ్యాపారం ఏదో పుణ్యకార్యమని నేను చెప్పను. కొనేవాళ్ళం, కాస్త కలిసొచ్చేటట్టే కొనేవాళ్ళం. కానీ అత్త నేల మీద కూర్చుని కొనేది.

బేరంలో ఆమెకొక పద్ధతి ఉంది. ఎదురుగా ఎంతున్నా సగం చెప్పడం. నాలుగు పైలీల పువ్వున్న బుట్టను చూసి, "ఇందుల ఏముందిలే, రెండు పైలీలు కూడ ఉండది," అనేది. అమ్మే ఆమెకు వెంటనే రోషం వచ్చేది, "రెండా? ఆరు ఉంది," అనేది. చివరికి పైలితో కొలిస్తే నాలుగే తేలేది. ఇద్దరూ ఏమీ ఎరగనట్టు ముఖాలు పెట్టేవాళ్ళు. కొలిచేటప్పుడు మోసం చేసేది కాదు, పైన గుప్పెడు ఉప్పు కూడా పోసి పంపేది. "తక్కువ చెప్పుడు అబద్ధం కాదు పిల్లా. అది కొనుడు," అని నాకు నేర్పింది.

ఆ నోరే ఆమె కొంప ముంచింది.

మోకాళ్ళు అరిగిపోయి, సంతలో కూర్చున్నాక ఇద్దరు పట్టుకుని లేపాల్సి వచ్చేటప్పటికి ఆమెను ఇక్కడికి తీసుకొచ్చాం. డాక్టరు గారు ఎక్స్‌రే వెలుతురులో పెట్టి చూపించి, ఏం చేస్తారో ఓపిగ్గా చెప్పారు. చిప్ప పైనున్న తొడ కండ అంచున కోసి, చిప్పను పక్కకు తిప్పి, అరిగిన ఎముక కొసలు చెక్కి, వాటికి లోహపు తొడుగులు వేసి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ పలక పెడతారట. నేను వింటూనే కుర్చీ పట్టుకున్నాను. అత్త మాత్రం అంతా విని ఒకే ఒక్క మాట అడిగింది.

"కింద కూసోవచ్చునా?"

"కూర్చోకపోతేనే మంచిదమ్మా. కుర్చీలో హాయిగా కూర్చోవచ్చు."

"కుర్చీ సంగతి అడగలే సారూ."

ఆయన నవ్వి, "ముందు మోకాలు బాగా వంగాలి. అది నా చేతిలో కొంచెం, మీ చేతిలో ఎక్కువ. కోసిన తర్వాత మొదటి కొన్ని వారాలు నొప్పిని మందులతో అణిచి వంచుతూ ఉండాలి. నొప్పికి భయపడి వంచకపోతే లోపల గట్టిపడిపోతుంది, ఇక వంగదు," అన్నారు. అత్త తల ఊపింది. ఆ ఊపు నాకు తెలుసు. బేరం కుదిరిందని ఊపే ఊపు.

ఆపరేషన్ అయింది. మర్నాడు నర్సు వచ్చి, ఇప్పుడు నన్ను అడిగినట్టే సున్నా నుంచి పది లోపల చెప్పమంది. అత్త పెదాలు తెల్లబడి ఉన్నాయి. దుప్పటి కొస పిడికిట్లో నలిగిపోతోంది. "సోలెడు," అంది. నర్సు నా వైపు చూసింది. సోలంటే పైలిలో నాలుగో వంతని నేను చెప్పాను. అయితే రెండో మూడో అనుకుని రెండు అని రాసుకుపోయింది. నేనూ అలాగే అనుకున్నాను. మా అత్త గట్టి మనిషి, ఓర్చుకుంటోంది, త్వరగా లేస్తుందని మురిసిపోయాను కూడా. రెండుకు తగ్గట్టే మందులిచ్చారు.

ఇంటికొచ్చాక కసరత్తు చెయ్యమంటే, "అయింది, పొద్దున్నే చేసిన," అనేది. గదిలోకి వెళ్ళి చూస్తే కాలు చాపుకుని, గోడకున్న క్యాలెండర్ కేసి చూస్తూ ఉండేది. నొప్పి ఎంత అంటే సోలెడు. మళ్ళీ చూపించడానికి వచ్చేసరికి ఆ మోకాలు కుర్చీలో కూర్చోడానికి సరిపడా మాత్రమే వంగుతోంది. డాక్టరు గారు మొట్టమొదటిసారి గొంతు పెంచారు. "నొప్పి లేదన్నారు కదా, మరి ఎందుకు వంచలేదు?" అన్నారు. అత్త నేల చూపులు చూసింది. మత్తిచ్చి బలవంతంగా వంచి చూడొచ్చన్నారు గాని ఆమె ఒప్పుకోలేదు. ఆ కాలు అంతే అయిపోయింది.

అప్పటి నుంచి దానికి పెద్దది అని పేరు పెట్టింది, ఇద్దరు కూతుళ్ళలో ఒకదాని గురించి చెప్పినట్టు. "పెద్దది మాట వినదు. చిన్నదన్నా వింటదో లేదో."

సంతకు పోవడం మానలేదు. కుర్చీ వేసుకుంది. బుట్టలు నిజంగానే పక్కకు జరిగాయి. ఆడవాళ్ళు కొత్త మనిషిని చూసినట్టు చూసేవాళ్ళు, వంగి నమస్తే పెట్టేవాళ్ళు. ఆ నమస్తేలు ఆమెకు చెంపదెబ్బల్లా తగిలేవి. ఒకరోజు తిరిగొచ్చేటప్పుడు జవాన్ల క్యాంపు దగ్గర మా జీపు ఆపి అందర్నీ దింపారు. జవాను చేతిలోని, లోహాన్ని పసిగట్టే పరికరం ఆమె మోకాలి దగ్గరికి రాగానే కీచుమంది. అతను ఒక అడుగు వెనక్కి వేసి తుపాకి సర్దుకున్నాడు. అత్త మాత్రం చీర పైకి జరిపి, నిలువునా ఉన్న కోత మచ్చ చూపించి, "ఘుట్నా హై బేటా. ఖమ్మం కా మాల్ హై," అంది, మోకాలు బాబూ, ఖమ్మం సరుకు అని. జవాను నవ్వాడు. ఆమె నవ్వలేదు. బండెక్కాక, "ఈ సరుకు దండగ పడ్డది పిల్లా," అంది మెల్లగా.

అందుకే రెండో మోకాలి దగ్గరికి వచ్చేసరికి ఆమె కన్నా నాకు భయం ఎక్కువైంది. ఇది కూడా బిగుసుకుపోతే ఇక నేల అనేదే లేదు ఆమెకు. డాక్టరు గారు ఈసారి పద్ధతి మారుస్తానన్నారు. తొడ కండను కొయ్యకుండా, దాని కింద నుంచి పక్కకు జరిపి లోపలికి పోతారట. కుట్లు వేసే ముందు కీలు చుట్టూ తిమ్మిరి మందు ఎక్కిస్తారట. రక్తం ఆపడానికి తొడకు బిగించే పట్టీ కూడా త్వరగా వదులు చేస్తారట. "మొదట్లో నొప్పి కొంచెం తగ్గుతుంది, కాలు త్వరగా లేస్తుంది. కొన్ని నెలలు పోయాక ఏ పద్ధతైనా దాదాపు ఒకటే. వంచేది మాత్రం మీరే," అన్నారు. ఆ చివరి మాట నాతో చెప్పారు, ఆమెతో కాదు.

మొదటి రోజులు నిజంగానే తేలిగ్గా గడిచాయి. మంచం మీద నుంచే కాలు ఎత్తి చూపించింది. నేను దేవుడికి కొబ్బరికాయ మొక్కుకున్నాను. తీరా కోంట చేరి, ఆ తిమ్మిరి మందు బలం పూర్తిగా పోయాక, మళ్ళీ ఆ పాత ముఖం వచ్చేసింది. పెదాలు తెల్లగా, కళ్ళు క్యాలెండర్ మీద. నొప్పి ఎక్కువుంటే కసరత్తుకు ముందు వెయ్యమని గట్టి మాత్రలిచ్చారు. ఎక్కువుంటేనే వెయ్యాలి, ఊరికే వెయ్యొద్దన్నారు. ఎంతుంది అత్తమ్మా అంటే సోలెడు. చిన్నప్పుడు ఒట్లు పెట్టించుకున్నట్టు నా నెత్తి మీద చెయ్యి వేయించి అడిగాను. సోలెడే. వంచబోతే తొడ రాయిలా బిగించేస్తుంది. రోజులు పోతున్నాయి, మోకాలి మీద చెయ్యి వేస్తే వేడిగా, గట్టిగా తగులుతోంది. లోపల గట్టిపడుతోందేమోనని నాకు అన్నం సహించేది కాదు. ఆమెను తిట్టాను, బతిమాలాను, వంటింట్లోకి పోయి ఏడ్చాను. దేనికీ ఆ సోల కదల్లేదు.

అలాంటి ఒక మధ్యాహ్నం ముత్తక్క వచ్చింది.

ముత్తక్కది ఎర్రబోరుకు లోపలి పల్లె. దొర్ల తెగ మనిషి. అత్తకు ఎప్పట్నుంచో ఇప్పపువ్వు అమ్మేది, ఇద్దరూ వదినె అంటే వదినె అని పిలుచుకునేవాళ్ళు. ఇన్ని వారాలుగా సంతకు రావడం లేదేమిటని చూడ్డానికి, కోడిపెట్టను చంకన పెట్టుకుని బస్సెక్కి వచ్చింది. మంచం పక్కన నేల మీద కూర్చుంది. వాచిన కాలు చూసింది. నా ముఖం చూసింది.

"ఎంతుంది వదినె నొప్పి?"

"సోలెడు."

ముత్తక్క కోడిని మంచం కోడుకు కట్టేసింది. తర్వాత ఆ కాలి వైపు, బుట్టను చూసినట్టు తల పక్కకు వాల్చి చూసింది.

"సోలెడా?" అంది. "ఏమో. నాకైతే సోలెడు కూడ ఉన్నట్టు కనబడలే. గుప్పెడు ఉంటదేమో."

అత్త తల తిప్పింది. "ఏంది?"

"గుప్పెడే ఉంటదంటున్న. నువ్వు ఊకె సోల సోల అంటున్నవు. ఇంత మెత్తటి పరుపు, కోడలు చేతికి అందిస్తది. ఏం నొప్పిలే."

నాకు ముత్తక్కను బయటికి గెంటాలనిపించింది. అత్త మెడ నరాలు లేచాయి. మోచేతుల మీద లేవబోయింది.

"గుప్పెడా? నీ కండ్లు పోయినయా? పైలి ఉంది. పైలి నిండి కింద పోతున్నది. మంట పెట్టి ఎగదోస్తున్నట్టుంది పొద్దుమాపూ. గుప్పెడంట." నేను ఆ ఇంటికొచ్చినప్పట్నుంచి ఆమె ఏడవగా చూడలేదు. అప్పుడు చూశాను. నోరు తెరిచి, పిల్లల్లా వెక్కి వెక్కి ఏడ్చింది.

"గట్ల చెప్పు మరి," అంది ముత్తక్క. "ఎప్పుడూ కొనేదానివే అయితవా వదినె. ఇయ్యాల అమ్మేది నువ్వు."

నేను మాత్ర కోసం పరుగెత్తాను. కంగారులో నీళ్ళ చెంబు సగం ఒలకబోశాను. మాత్ర పని చెయ్యడం మొదలయ్యాక ముత్తక్క మడమ కింద చెయ్యి పెట్టింది, నేను తొడ పట్టుకున్నాను. కాలు వంగింది. కొంచెమే, కానీ వంగింది. అత్త హల్బీలో మా ఇద్దర్నీ తిట్టింది. అంత చక్కటి తిట్లు నేను ఎన్నడూ వినలేదు.

ఆ తర్వాత పద్ధతి తెలిసిపోయింది నాకు. పొద్దున్నే పోయి, "ఇయ్యాల నొప్పే లేనట్టుంది కదా అత్తమ్మా," అనేదాన్ని. రోషం పొడుచుకొచ్చి అసలు కొలత బయటపడేది. దానికి తగ్గ మందు, మందుకు తగ్గ కసరత్తు. ఆమెకు నా ఎత్తు తెలీదని కాదు. తెలిసీ రోషం తెచ్చుకునేది.

చిన్నది మాట విన్నది. డాక్టరు గారు కింద కూర్చోవద్దని చివరిదాకా చెప్తూనే ఉన్నారు, ఆమె తల ఊపుతూనే ఉంది. సంతలో మళ్ళీ గోనెసంచి పరిచింది. చిన్నది మడుచుకుని, పెద్దది నిలువుగా చాపుకుని కూర్చుంది. చాపిన కాలు దారిలోకి వచ్చేది. ఎవరూ తొక్కకుండా ముత్తక్క తన బుట్టను ఎప్పుడూ ఆ కాలి పక్కనే పెట్టుకుని కూర్చునేది. కుర్చీని అత్త నాకిచ్చేసింది. నేను దాని మీద ఇప్పగింజల సంచులు పెట్టాను.

పోయిన వానాకాలం, శబరి నిండి రోడ్ల మీదికి నీళ్ళొస్తున్న రోజుల్లో, అత్త చాయ్ గ్లాసు కింద పెట్టి రొమ్ము మీద చెయ్యి వేసుకుంది. నేను కంగారుగా ఏంటని అడిగాను. "ఏం లేదు, గ్యాసు. సోలెడు నొప్పి," అంది. ఆ మాట వింటే వేరే వాళ్ళెవరైనా ఊపిరి పీల్చుకుందురు. నేను జీపు కోసం వీధిలోకి ఉరికాను. జీపు వచ్చింది. భద్రాచలం రోడ్డు మీద నీళ్ళు ఉన్నాయి. నీళ్ళు తీసేదాకా ఆగాల్సిన చోట, నా ఒళ్ళో తల పెట్టుకుని, పోయింది.

వానలు వెనకబట్టాక ఎర్రబోరు సంతకు నేనే పోయాను. అదే గోనెసంచి, అదే పైలి. ముత్తక్క బుట్ట దించి నా ఎదురుగా కూర్చుంది.

"ఆఖరికి నొప్పి ఉండెనా?" అని అడిగింది.

"సోలెడు అన్నది."

ముత్తక్క కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి, లెక్క కట్టుకుంటున్నట్టు. ఇంట్లో అందరికీ నేను, కష్టపడకుండా పోయింది, సోలెడే అన్నది అని చెప్పాను. వాళ్ళు హమ్మయ్య అనుకున్నారు. ముత్తక్క మాత్రం చెయ్యి చాపి ఆ పైలి అంచు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

సంత ముగిసే వేళ నేను లేవబోయి కుడి మోకాలు పట్టుకుని ఆగిపోయాను. ముత్తక్క చూసింది. "నీకెంతుంది?" అంది.

"సోలెడు," అన్నాను. నేను అనలేదు, నా నోరు అంది.

తల పక్కకు వాల్చి నా మోకాలి వైపు చూసింది. "అంత ఉండది," అంది.

ఆ ఎత్తు నాకు తెలుసు. తెలిసీ నాకు కోపం ముంచుకొచ్చింది. "ఉంది," అన్నాను. "పైలి ఉంది ముత్తక్కా. నిండి పోతున్నది." కొంగు నోట్లో కుక్కుకున్నాను. అది మోకాలి గురించే అన్నానో, ఆమె గురించి అన్నానో నాకే తెలీదు. ముత్తక్క లేచి వచ్చి చంకల కింద చేతులు వేసి నన్ను లేపింది. "ఖమ్మం పో," అంది.

వచ్చాను. రేపు కోస్తారు. నాకు కోతంటే భయం లేదు, మందులున్నాయి, డాక్టరు గారి చెయ్యి మంచిది. ఎల్లుండి పొద్దున ఆ నర్సు పిల్ల వచ్చి ఎంతుంది అని అడిగినప్పుడు నా నోరు ఏమంటుందో అని భయం. ముత్తక్క ఇక్కడ ఉండదు. ఆ పిల్ల మళ్ళీ ఇవాళ్టి లాగే నన్ను ఎగాదిగా చూసి, అంత ఉండదేమో అన్నట్టు ముఖం పెడితే బాగుండును.